ఆర్కైవ్‌లో టీచర్ గారు

జాకెట్టు కుట్టి ఇచ్చేశాక దానికి సంబంధించిన గుడ్డముక్క కూడా నా కంటికి కనపడకూడదు. అది నా జబ్బు. మిగిలిన పీలికలు, కొలతలు రాసుకున్న చీటీ, మెడ డిజైన్ గీసుకున్న కాయితం, అన్నీ ఒక కవర్లో కుక్కి అటక మీద పడేస్తేగానీ రెండో జాకెట్టుకి కత్తెర పెట్టలేను. బల్ల మీద పాతది కనపడుతూ ఉంటే కొత్తది పాడు చేస్తానేమోనని గుండెల్లో దడ. వన్ టౌన్‌లో, బట్టల గోడౌన్ మీదున్న మేడ గదిలో, ఇరవై రెండేళ్లుగా ఈ దడతోనే కుట్టుకొస్తున్నాను. కింద బేళ్లు దించేవాళ్ల కేకలు, తోపుడు బళ్ల గొడవ ఎంత ఉన్నా నాకు వినపడవు. లోపలి దడ మాత్రం వినపడుతుంది.

పని ఫోన్లోకి వచ్చాక దడ కూడా ఫోన్లోకి వచ్చింది. ఇప్పుడు ఎవరూ చీటీ రాసివ్వరు. చీర ఫొటో, వీపు డిజైన్ ఫొటో, చేతులు మోచేతి దాకానా, పైకా, అన్నీ మెసేజీలే. పొద్దున లేచి ఫోన్ తెరిస్తే కుట్టి ఇచ్చేసినవాళ్లు, ఇంకా ఇవ్వాల్సినవాళ్లు, మనసు మార్చుకున్నవాళ్లు, అందరూ ఒకే వరుసలో నిలబడి నా వంకే చూస్తున్నట్టుండేది. ఒకరోజు విసుగెత్తి, అయిపోయినవాళ్లవన్నీ తుడిచేయబోతుంటే మా అమ్మాయి ఫోన్ లాక్కుంది.

“తీసేస్తే పోతాయమ్మా. మళ్లీ అదే డిజైన్ కావాలని ఎవరన్నా అడిగితే ఏం చేస్తావు? ఆర్కైవ్ చెయ్యి.”

“అంటే?”

“అటక మీద పెట్టడం.”

ఇంత బాగా చెబితే నాకెందుకు అర్థం కాదు? పేరు మీద వేలు నొక్కి పట్టుకుని, పైన వచ్చే పెట్టె బొమ్మ మీద తడితే చాలు, ఆ మనిషి వరుసలోంచి మాయం. మాటలూ ఫొటోలూ భద్రంగా ఉంటాయి. మనం అలా పెట్టామని అవతలివాళ్లకి తెలియను కూడా తెలియదు. వాళ్లు మళ్లీ ఏదైనా పంపితే తమంతట తామే అటక దిగొచ్చి వరుసలో మొదట నిలబడతారు. మా అమ్మాయి అలాగే చెప్పింది, నా పాత ఫోన్లో అలాగే జరిగేది. జాకెట్టు ఇచ్చేయడం, ముక్కల కవరు అటకెక్కించడం, ఫోన్లో పేరు అటకెక్కించడం, మూడూ నాకు ఒకే పనైపోయాయి.

జనవరిలో ఆ పాత ఫోన్ చచ్చిపోయింది. మా అమ్మాయి కొత్తది కొనిచ్చి, పేర్లూ మాటలూ అన్నీ అందులోకి తెచ్చిపెట్టింది. కొత్తదాంట్లో అన్నిటికంటే పైన ఆర్కైవ్ అని ఒక సన్నటి గీతలా ఉండేది, దాని పక్కన ఒక అంకె. మొదట్లో రెండు. తర్వాత నాలుగు, తొమ్మిది, పదకొండు. కొత్త ఫోన్ వచ్చాక నేను పూర్తి చేసి ఇచ్చినవాళ్ల సంఖ్య అదేననుకున్నాను. లెక్క సరిపోవడం లేదని మనసులో ఒక మూల తెలుసు, కానీ పెళ్లిళ్ల హడావుడిలో పట్టించుకోలేదు. పైగా ఆ అంకె పెరిగినప్పుడల్లా ఇంతమందికి ఇచ్చేశానని కాస్త కుదుటపడేదాన్ని. నవ్వితే నవ్వండి.

ఇక టీచర్ గారి సంగతి. ఆవిడది కంకిపాడు, అక్కడే స్కూల్లో పాఠాలు చెబుతారు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ జాకెట్లన్నీ నావే. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, స్కూళ్లు తెరిచేటప్పుడు, ఏడాదికి మూడుసార్లు వచ్చేవారు. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అంటారు. నేను టీచర్ గారూ అంటాను. గొంతు లేవదు, పేచీ పెట్టరు. చంక దగ్గర పట్టకూడదు, బోర్డు మీద పై దాకా రాయాలి, అదొక్కటే ఆవిడ షరతు. నా కోపానికి జడిసి సగం మంది వేరే చోటికి పోయారుగానీ ఈవిడ మాత్రం పోలేదు. ఒకసారి నేను ఎవరిమీదో కోపం ఆవిడ మీద చూపిస్తే, “క్లాసులో నలభైమందిని చూస్తానక్కా, మీరొక లెక్కా” అని నవ్వేశారు.

ఆవిడ ఆది జాకెట్టు పన్నెండేళ్లుగా నా బీరువాలోనే ఉంది. లేత నీలం రంగుది. ఒంటికి అచ్చంగా సరిపోయిన జాకెట్టు ఒకటి టైలరు దగ్గర ఉంచితే ఇక కొలతలతో పనిలేదు, ఆ ఆది పరిచి దాని మీదే కత్తిరించుకుంటాం. మనిషిని పిలవక్కర్లేదు, టేపు తియ్యక్కర్లేదు, అడగక్కర్లేదు. అడగకపోవడమే పనితనం అనుకునే రకం మేం.

కిందటి డిసెంబర్‌లో క్రిస్మస్ జాకెట్టు కుట్టిచ్చాను. అలవాటు ప్రకారం ముక్కలు అటక మీద పెట్టాను. ఫోన్లో టీచర్ గారిని కూడా పెట్టాను.

ఈస్టర్‌కి ఆవిడ రాలేదు, ఏప్రిల్లో ఆవిడ కూతురు వచ్చింది. మే నెలలో చర్చిలో పెళ్లి. తనకి తెల్ల చీర మీదకి పొడుగు చేతుల జాకెట్టు, అమ్మకి పెసరపచ్చ పట్టు. తన కొలతలన్నీ ఇచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“అమ్మది ఎలా కుట్టాలో అమ్మే మీకు మెసేజ్ పెడతానంది ఆంటీ. అది చూసి కుట్టండి.”

ఇంకేదో చెప్పబోయి మానుకున్నట్టు అనిపించింది. పెళ్లికూతురు కదా, సిగ్గేమోలే అనుకున్నాను. మెసేజ్ కోసం చూశాను. వారం చూశాను. రాలేదు. పెళ్లి పనుల్లో మర్చిపోయి ఉంటారు, ఎప్పటిలాగే కుట్టమని అర్థం అనుకుని నీలం ఆది తీసి, పెసరపచ్చ గుడ్డ మీద పరిచి కత్తిరించి కుట్టేశాను.

తర్వాత ఆ అమ్మాయి తన జాకెట్టు వేసి చూసుకోడానికి వచ్చింది. నేను గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని భుజం సరిచేస్తున్నాను. అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది.

“అమ్మ మెసేజ్ చూశారా ఆంటీ?”

“ఆఁ ఆఁ, చూశాలే తల్లీ. నేను చూసుకుంటాగా.”

మా వృత్తిలో చూశాను, అయిపోయింది, ఒక్క హుక్కులే మిగిలాయి అన్నవి అబద్ధాల కింద రావు. రోజుకి పదిసార్లు అంటాం. అవతలివాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు. ఈ పిల్లకి మాత్రం తెలియలేదు. మొహం ఒక్కసారిగా విప్పారింది. “అమ్మకి చెప్తాను ఆంటీ” అని నా చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కింది. ఒక జాకెట్టుకి ఇంత సంబరమా అని వెళ్లాక నాలో నేను నవ్వుకున్నాను కూడా.

పెళ్లి శనివారం అనగా మంగళవారం పొద్దున, ఎవరో పాత మెడ డిజైన్ కావాలంటే ఆ ఫొటో వెతుక్కుంటూ ఆర్కైవ్‌లోకి వెళ్లాను. కొత్త ఫోన్ వచ్చాక అందులోకి వెళ్లడం అదే మొదలు. పేర్లు కొన్ని మామూలుగా ఉన్నాయి, కొన్ని మాత్రం లావు అక్షరాల్లో, నల్లగా, పక్కన ఆకుపచ్చ చుక్కలో అంకెతో ఉన్నాయి. నాకు మొదట చిరాకు వేసింది, ఇదేదో ఫోన్ పాడైందని. తర్వాత లావుగా ఉన్నవి లెక్కపెట్టాను. పద్నాలుగు. పైన గీత పక్కన ఉన్న అంకె కూడా పద్నాలుగే.

టీచర్ గారి పేరు పక్కన ఏడు అని ఉంది. కింద ఆఖరి మెసేజ్ మొదటి ముక్క కనపడుతోంది. ‘పర్వాలేదు అక్కా. మీకు ఇబ్బందిగా…’ అక్కడితో తెగిపోయింది.

తెరవాలంటే భయం. తెరిస్తే అవతల ఆవిడ ఫోన్లో రెండు టిక్కులూ నీలం అవుతాయి. ఇన్నాళ్లూ చూడలేదని, ఇప్పుడే చూశానని ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. తెరవకపోతే ఇబ్బంది ఏమిటో నాకు తెలియదు. వేలు పేరు మీద పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి కళ్లు మూసుకుని తట్టాను.

మొదటిది పద్దెనిమిది రోజుల కిందటిది. ‘నమస్తే అక్కా. ఫోన్ చేద్దామని మూడుసార్లు అనుకుని మానేశాను. నోటితో చెప్పలేను.’

దాని వెంటనే రెండోది. ‘మార్చి నెలాఖరులో నాకు ఆపరేషన్ అయింది. గడ్డ తీశారని అందరికీ చెప్పాం. గడ్డ ఒక్కటే కాదక్కా, ఎడమవైపు మొత్తం తీసేశారు. మా ఆయనకీ అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు.’

మూడోది. ‘ఆ నీలం ఆది ఇక పనికిరాదు. పెళ్లిరోజు చర్చిలో అందరూ వచ్చి కౌగిలించుకుంటారు. నాకదే భయంగా ఉంది. లోపల ఏదైనా పెట్టి కుట్టగలరా? మీ దగ్గర ఎవరూ లేని వేళ చెబితే వస్తాను.’

ఐదు రోజుల తర్వాత: ‘అక్కా, చూశారా?’

మరో నాలుగు రోజులకి: ‘చూశానన్నారని అమ్మాయి చెప్పింది. ప్రాణం లేచొచ్చింది. ఎప్పుడు రమ్మంటారు?’

దాని కింద ఒకటి రాసి తీసేశారు. మెసేజ్ తొలగించారని బూడిదరంగులో రాసి ఉంది, అంతే.

ఏడోది మొన్నటిది. ‘పర్వాలేదు అక్కా. మీకు ఇబ్బందిగా ఉంటే అర్థం చేసుకోగలను. రెడీమేడ్ ఏదో చూసుకుంటాను. అమ్మాయిది మాత్రం శ్రద్ధగా కుట్టండి.’

చదవడం పూర్తయ్యేలోపే పైన ఆవిడ పేరు కింద ఆన్‌లైన్ అని వచ్చింది. నీలం అవడం చూసి ఉంటారు. టైపింగ్ అని వచ్చింది. ఆగిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. ఆ తర్వాత ఆన్‌లైన్ అన్న మాట కూడా పోయింది. ఫోన్ చేశాను. మోగింది, తియ్యలేదు. ఇంకోసారి చేశాను, అప్పుడూ తియ్యలేదు.

కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఆఫీసులో ఉన్న మా అమ్మాయికి చేసి అరిచాను.

“మళ్లీ పంపితే పైకి వస్తారన్నావు కదే!”

“ఇదివరకు వచ్చేవాళ్లమ్మా. ఇప్పుడు మార్చారు. ఆర్కైవ్‌లో పెట్టినవాళ్లు ఎన్ని పంపినా అక్కడే ఉంటారు. ఫోన్ చప్పుడు కూడా చెయ్యదు. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.”

“మరి ఆ అంకె?”

“నువ్వు చదవనివాళ్లు ఎంతమందో చెప్తుంది. ఏమైందమ్మా? ఎందుకేడుస్తున్నావు?”

ఏం చెప్పను? ఇంకెవరికీ తెలియకూడదని రాశారు కదా ఆవిడ. తర్వాత చెప్తానని పెట్టేశాను. పెసరపచ్చ జాకెట్టు, నీలం ఆది, టేపు, సూదులు, దారం, మెత్తటి మల్లు గుడ్డ, దూది, అన్నీ సంచిలో వేసుకుని ఆటో ఎక్కి బస్టాండ్‌కి, అక్కణ్ణించి కంకిపాడు బస్సు.

ఆ బందరు రోడ్డు మీద గంటసేపు నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను. మెసేజ్ చూడలేదండీ అంటే, మరి మా అమ్మాయితో చూశానన్నారుగా అంటారు. ఫోన్లో దాక్కుపోయిందండీ అంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. అటక సంగతి చెబుదామా? పద్దెనిమిదేళ్ల స్నేహాన్ని అటక మీద ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను?

దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది, అది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. నా మొహం నా మాట వినదు. కోపమొచ్చినా, అసహ్యమేసినా, జాలేసినా క్షణంలో మొహం మీదకి వచ్చేస్తుంది. ఇన్ని వందలమందిని చూశానుగానీ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఆవిడ పైట తీసి చూపించినప్పుడు నా మొహంలో ఏదైనా కదిలితే? నాకు ఇబ్బందిగా ఉందని ఆవిడ అనుకున్నది నిజమైపోతుంది. పోరంకి దాటేదాకా కిటికీ అద్దంలో నా మొహం చూసుకుంటూ కూర్చున్నాను. పక్కసీటావిడ నన్ను చూసి కాస్త జరిగి కూర్చుంది.

వాళ్ల వాకిట్లో అప్పుడే పందిరికి కర్రలు పాతుతున్నారు. తలుపు తీసింది పెళ్లికూతురే. పది రోజుల కిందట నా చెయ్యి పట్టుకున్న పిల్ల, ఇప్పుడు తలుపు పూర్తిగా తియ్యకుండా నిలబడింది.

“అమ్మ పడుకుంది ఆంటీ.”

“లేచేదాకా కూర్చుంటా తల్లీ.”

లోపలి గదిలోంచి ఎవరమ్మా అని ఆవిడ గొంతు వినపడింది. ఆ పిల్ల నేనని చెప్పింది. తర్వాత రమ్మను అన్నారు.

మంచం మీద దిండుకి ఆనుకుని, ఎడమ చెయ్యి ఇంకో దిండు మీద పెట్టుకుని, పెళ్లి కార్డుల మీద పేర్లు రాస్తున్నారు టీచర్ గారు. చిక్కిపోయారు. పక్కన షాపు కవర్లో ఒక రెడీమేడ్ జాకెట్టు ఉంది. చీర రంగుకి దగ్గర్లో కూడా లేదు.

“రండక్కా. ఎండనపడి వచ్చారు. మజ్జిగ తెమ్మంటాను” అన్నారు.

తిట్టినా బాగుండేది. కూర్చోకుండానే మొదలుపెట్టాను. అటక, పాత ఫోన్, కొత్త ఫోన్, అంకె, ముందొకటి వెనకొకటి కలగాపులగంగా చెప్పేశాను. హోంవర్కు చెయ్యని పిల్ల సాకు చెబుతుంటే వినేటట్టు ఆవిడ ఓపిగ్గా విన్నారు.

“చదివినా నీలం టిక్కులు పడకుండా పెట్టుకుంటారట కదక్కా కొందరు. మీరూ అలా పెట్టుకున్నారనుకున్నాను.”

“నాకంత తెలివి ఎక్కడిదండీ?”

“మరి అమ్మాయితో చూశానన్నారు.”

“అబద్ధం చెప్పానండి. అందరికీ చెప్తాను. మీ అమ్మాయికీ చెప్పాను.”

ఆ మాటకి తలెత్తి చూశారు. నా ఫోన్ తీసి ఆర్కైవ్ తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను. “మీరే చూడండి. మీరు కాక ఇంకా పదమూడు మంది ఉన్నారు.”

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పేరే కిందకి జరిపారు. తెరవకుండానే ఆఖరి ముక్కలు పైకి చదివారు. హుక్కు ఊడింది ఆంటీ. ఎప్పుడు తేను. ఏమ్మా, పలకవు. నా మీద కోపమా. ఆ కోపమా అన్నది రామవరప్పాడులో ఉండే ఒక ముసలావిడ, మూడుసార్లు పంపింది. టీచర్ గారి పెదవి చివర ఏదో కదిలింది.

“వీళ్లందరికీ ఏం చెప్తారు?”

“ముందు మీకు చెప్పనివ్వండి.”

“నన్నెందుకు పెట్టారు అందులో?”

“క్రిస్మస్ జాకెట్టు ఇచ్చేశాను కదండీ. పనైపోయాక అందర్నీ పెడతాను. కళ్లముందు ఉంటే నాకు దడ.”

ఫోన్ పక్కన పెట్టారు. కార్డులన్నీ ఒకచోట సర్దడం మొదలుపెట్టారు. వాకిట్లో గునపంతో గుంట తీస్తున్న చప్పుడు వస్తోంది. ఇక వెళ్లమంటారేమోనని సంచి చేతిలోకి తీసుకున్నాను.

“అమ్మాయ్, తలుపెయ్యి” అన్నారు కూతురితో.

టేపు చివర ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది. చలికాలం అయితే కొలతకి ముందు అది గుప్పిట్లో పెట్టి వెచ్చ చేస్తాను, లేకపోతే ఉలిక్కిపడతారు. మే నెల ఎండలో కూడా ఆ రోజు గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. ఆవిడ పైట తీసి, జాకెట్టు విప్పారు. చంక కింద నుంచి ఛాతీ మధ్య దాకా ఒక గీత, ఇంకా కాస్త ఎర్రగా ఉంది. నా మొహం ఏం చేసిందో నాకు తెలియదు. ఆవిడ మాత్రం గీతని చూసుకోలేదు, నా మొహాన్నే చూస్తున్నారు.

నేను నాకు తెలిసిన పని చేశాను. టేపు పెట్టి కొలత పైకి చెప్పాను. ఎప్పుడూ నేను చెబుతుంటే పక్కనెవరో రాస్తారు. ఆ రోజు టీచర్ గారే పెన్ను తీసుకుని ఒక పెళ్లికార్డు కవరు వెనక రాసుకున్నారు. భుజం, ఛాతీ, చంక చుట్టు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. ఎడమ చెయ్యి వాపు వల్ల అరంగుళం ఎక్కువ వచ్చింది. ఆవిడ రెండు అంకెలూ పక్కపక్కన పాఠం రాసినట్టు గుండ్రంగా రాశారు. మూడో కొలత నేను రెండుసార్లు తప్పు చెప్పాను.

“నిదానంగా అక్కా. ఏం తొందర లేదు” అన్నారు ఆవిడే.

జాకెట్టు పాడవలేదు. లోపల అంగుళం గుడ్డ వదలడం నా అలవాటు, దాంతో ఎడమ చెయ్యి విప్పి వదులు చెయ్యగలిగాను. లైనింగ్ విప్పి మల్లు గుడ్డతో లోపల చిన్న సంచిలా కుట్టాను. అందులో దూది పెడితే తేలిపోయింది, నడిస్తే పైకి జరుగుతోంది. బరువుండాలి. ఏం పెట్టాలా అని తల బద్దలుకొట్టుకుంటుంటే చంటిపిల్లల ఆవాల దిండు గుర్తొచ్చింది. పురిటి పిల్లల తల గుండ్రంగా రావాలని ఎన్ని కుట్టిచ్చానో. అవి మెత్తగా ఒదుగుతాయి, బరువూ ఉంటాయి. పెళ్లికూతురు వంటింట్లోంచి ఆవాల డబ్బా పట్టుకొచ్చింది. కిందవైపు ఆవాలు, పైన దూది, చుట్టూ రెండు వరసల కుట్టు, అంతా చేత్తోనే కుట్టాను.

వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. కూతుర్ని పిలిచి, “కౌగిలించుకో” అన్నారు. ఆ పిల్ల భయంభయంగా పట్టుకుంది. “అలా కాదు. మీ మేనత్త పట్టుకున్నట్టు పట్టుకో” అన్నారు. ఆ పిల్ల గట్టిగా వాటేసుకుని వదల్లేదు. నేను అటు తిరిగి పీలికలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాను. నీలం ఆది మంచం మీదే ఉంది. అది నేను తీసుకోలేదు, ఆవిడ ఇవ్వలేదు.

మర్నాడంతా పదమూడు మందికీ ఫోన్లు చేసి క్షమాపణ చెప్పుకున్నాను. రామవరప్పాడు ముసలావిడ పావుగంట తిట్టింది. ఆర్కైవ్‌లో ఉన్నవాళ్లందర్నీ కిందకి దించేశాను. ఇప్పుడు అయిపోయినవాళ్లూ కానివాళ్లూ అందరూ ఒకే వరుసలో ఉంటారు. పొద్దున్నే ఫోన్ తెరిస్తే మళ్లీ అదే దడ. ఉండనీ అనుకుంటున్నాను.

శనివారం చర్చిలో ఆఖరి వరుసలో కూర్చున్నాను. పాటలు, ప్రార్థన, ప్రమాణాలు, ఏవీ నా చెవికెక్కలేదు. పెళ్లయ్యాక అందరూ వరుసగా వచ్చి పెళ్లికూతురి తల్లిని కౌగిలించుకోవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ చేతులు చాపినప్పుడల్లా నేను ఆవిడ ఎడమవైపే చూసేదాన్ని. కుట్టు తెగితే? ఆవాలు గచ్చు మీద జలజలా రాలితే? మేనత్త వంతు వచ్చింది, మంచి దిట్టమైన మనిషి, ఎత్తి కుదిపినంత పని చేసింది. నేను బెంచీ అంచు పట్టుకున్నాను. ఏమీ కాలేదు. టీచర్ గారు నవ్వుతూ తర్వాతివాళ్ల వైపు తిరిగారు.

జనం పలచబడ్డాక టీచర్ గారు వరుసల మధ్యలోంచి నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. వచ్చి వాటేసుకున్నారు, ఎడమవైపే గట్టిగా.

“ఆ తీసేసిన మెసేజ్‌లో ఏముందో అడగలేదేం?” అన్నారు చెవిలో.

నేను తల అడ్డంగా ఊపాను.

“పెళ్లికి రావద్దని రాశానక్కా. రెండు నిమిషాలుంచి తీసేశాను.”

నా చెయ్యి ఆవిడ వీపు మీద ఉంది. అలవాటు కొద్దీ వేళ్లు కుట్టు ఎక్కడుందా అని తడుముకుంటున్నాయి. వచ్చే వారం నుంచి ఆవిడకి ఆసుపత్రిలో మందులు ఎక్కిస్తారని, ఎన్నాళ్లు పడుతుందో డాక్టర్లు చెప్పలేదని ఆ పిల్ల నాకు ముందే చెప్పింది.

ఆవిడ కాస్త వెనక్కి జరిగి పైట సర్దుకున్నారు.

“సోమవారం ఈ జాకెట్టు మీకు పంపిస్తాను. దగ్గరుంచుకోండి. ఇక నుంచి నా ఆది ఇదే. స్కూళ్లు తెరిచేటప్పటికి రెండు కావాలి, చంక దగ్గర పట్టకూడదు.”

“సరేనండి” అన్నాను.